బసవపున్నయ్య బండీ, మబ్బూ

కృష్ణానగర్‌లో తెల్లవారి మొదట రాజుకునేది టీ కొట్టు పొయ్యి. ఆ తర్వాత తలుపు తీసేది బసవపున్నయ్య. ముఖం కడుక్కుని, చొక్కా దులిపి తొడుక్కుని, గోడకి ఆనించిన సైకిలుని సందులోకి తోసేవాడు. అది ఉత్త సైకిలు కాదు. కడ్డీల మధ్యన చిన్న ఇంజను బిగించిన సైకిలు. పై కడ్డీ మీద కొబ్బరి బోండమంత పెట్రోలు ట్యాంకు. నాలుగు తొక్కులు తొక్కి క్లచ్చి వదిలితే ఇంజను దగ్గి, గొంతు సవరించుకుని, అందుకునేది.

ఆయన వెనకే మబ్బు బయలుదేరేది.

దుప్పటంత మబ్బు. కరెంటు తీగలకి తగలకుండా ఒద్దికగా ఒంగి, ఆయన నెత్తికి కాస్త ఎత్తున, సన్నగా కురుస్తూ వచ్చేది. ఆ సందులో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన రోజు కూడా ఏడుస్తూ వచ్చేది. అందుకని గడపల్లో బిందెలు సిద్ధంగా ఉండేవి.

"పున్నయ్యగారూ, ఇటో క్షణం నిలబడండి. బకెట్టు సగమే అయింది."

"నిలబడితే ఆలస్యమవుతుందమ్మా."

"అయితే మెల్లగా పోనివ్వండి. వానకి తొందరేమిటి?"

తీగ మీద బట్టలారేసిన వాళ్ళ మాట వేరు. "అటు నుంచి వెళ్ళండి బాబూ! నిన్న ఉతికినవే ఇంకా ఆరలేదు" అని కసిరేవారు. షూటింగుకి పోయే అమ్మాయిలు పౌడరు చెదురుతుందని చున్నీ అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కునేవారు.

హైటెక్ సిటీ కట్టిన కొత్త రోజులవి. వేషాల కోసం ఊళ్ళు వదిలి వచ్చిన కుర్రాళ్ళలో సగం మంది కంప్యూటరు కోర్సుల్లో చేరిపోయారు. పొద్దున్నే షూటింగు ఏజెంటు వ్యాను వచ్చి "జనం కావాలి, జనం" అని అరిస్తే, మునుపటి మాదిరి సందంతా పరిగెత్తేది కాదు. జూబ్లీహిల్స్‌లో బండలు పేల్చి ఇళ్ళు కడుతున్నారు. ఎక్కడ చూసినా రాతి పొడి. అంతకు ముందు ఆ రాళ్ళ మీద ఎన్ని పాటలు తీశారో, ఎందరు హీరోలు గెంతారో చూసిన వాళ్ళకి, ఆ పేలుడు చప్పుడు వింటే ఎవరో ఇంట్లో సామాను విరగ్గొడుతున్నట్టు ఉండేది.

బసవపున్నయ్యది తెనాలి. మీసం రాని వయసులో మద్రాసు రైలెక్కి, అక్కణ్ణించి సినిమాతో పాటే హైదరాబాదు వచ్చాడు. వేషాలు వేయలేదు. వాన కురిపించాడు. పంపు, ట్యాంకరు, చిల్లుల గొట్టాలు, అదే ఆయన పని. ప్రేమ పాటకి సన్న జల్లు. విలన్ చచ్చేటప్పుడు జడివాన. తల్లి ఏడుస్తుంటే గాలి లేకుండా నిలువుగా పడే వాన. ఏ ఏడుపుకి ఏ వానో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాన యూనిట్ యజమాని పోయాక పెద్దకొడుకు పంపు పట్టుకుపోయాడు, చిన్నకొడుకు ట్యాంకరు పట్టుకుపోయాడు. మబ్బు ఎవరి వాటాకీ రాలేదు. అది బసవపున్నయ్య వెంట కృష్ణానగర్ వచ్చేసింది. ఇంటావిడ చూసి, "మేడ మీద గది ఇవ్వనండీ, స్లాబు నానుతుంది. కింద గదిలో ఉండండి" అంది. ఉన్నాడు.

ఫిలింనగర్ ఎత్తు మీద సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే రవిచంద్ర అనే ఆయన బంగళాలో బసవపున్నయ్యకి తోట పని దొరికింది. అక్కడ బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్ళు పోస్తే గడ్డి ఎర్రబడుతోంది. పొద్దున్నే బసవపున్నయ్య వెళ్ళి ఆ గడ్డి మీద అటూ ఇటూ పచార్లు చేసేవాడు. మల్లె పాదుల దగ్గర కాసేపు, గులాబీల దగ్గర కాసేపు నిలబడేవాడు. అంతే పని. ఎండ గడ్డి మీద పడక ముందే అయిపోవాలి. రవిచంద్ర తల్లి శ్యామలాదేవి గారు కుర్చీ వేసుకుని కూర్చుని, "ఆ మూల ఆరిపోయినట్టుంది, అటు జరుగు" అని చెబుతుండేది.

బసవపున్నయ్య మోకాళ్ళు ఆ ఎత్తు ఎక్కలేవు కనకనే సైకిలుకి ఇంజను. ఆ ఇంజను ఇప్పుడు మొండికేసింది.

సందులో బాగానే అందుకునేది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా హాయిగా పోయేది. ఫిలింనగర్ ఎత్తులో మలుపు దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేసినట్టు లుక్కు లుక్కుమని ఆగిపోయేది. కాసేపు కూర్చుంటే మళ్ళీ అందుకునేది. కొంచెం పోయి మళ్ళీ ఆగేది. ఈయన బంగళా చేరేసరికి ఎండ గోడ దిగి గడ్డి మీదికి వచ్చేసేది.

ఆ మలుపు పక్కనే బండల మీద బస్తీ. విప్పేసిన సెట్ల చెక్కలతో, రేకులతో కట్టుకున్న గుడిసెలు. ఒక గుడిసెకి రాజుగారి కోట తలుపు, ఇంకో గుడిసెకి జైలు కిటికీ. స్టూడియోల్లో ఊడ్చే ఆడవాళ్ళూ, సామాను మోసే వాళ్ళూ ఉండే చోటు. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో ట్యాంకరు వాడికే తెలియదు. బండి ఆగిన మొదటి రోజే అమ్మాజీ అనే ఆవిడ బిందె పట్టుకొచ్చి బసవపున్నయ్య పక్కన పెట్టింది. మర్నాడు మరికొందరు వచ్చారు. ఆ తర్వాత ఆయన వచ్చేసరికే మలుపులో బిందెలు బారు తీరి ఉండేవి.

"ఇవాళ కాస్త ఆలస్యంగా ఆగారేంటి?" అనేది అమ్మాజీ.

"అమ్మా, నేను ఆపడం లేదు. అదే ఆగుతోంది."

"ఏదైతేనేం. ఈ డ్రమ్ము మీదికి కొంచెం జరగండి."

ఒక రోజు శ్యామలాదేవి గారు ఆయన్ని పిలిచింది. కోపం లేదు ఆవిడ గొంతులో. అందుకే ఆయనకి భయమేసింది.

"ఎండెక్కాక తడిపితే గడ్డి ఉడికిపోతుంది బసవపున్నయ్యా. మావాడు ఇంకా లోతుగా బోరు వేయించి, తిరిగే గొట్టాలు పెట్టిస్తానంటున్నాడు. వాటంతటవే చల్లుతాయట. నేనే సోమవారం దాకా ఆగమన్నాను. సోమవారం వేళకి వస్తే సరే. లేదంటే నా చేతుల్లో లేదు."

ఆ పని పోతే తెనాలే గతి. తమ్ముడు రామకృష్ణ ఫోనులో ఎప్పుడో చెప్పాడు. "వచ్చెయ్ అన్నయ్యా. మిల్లు పక్క గది ఖాళీగానే ఉంది. కానీ ఆ మబ్బుని మటుకు అక్కడే వదిలేసి రా. ఇక్కడ ధాన్యం ఆరబోసుకుంటాం. తడిస్తే మొలకలొస్తాయి." తమ్ముడి మాటలో తప్పేమీ లేదు. తప్పు లేని మాటకి జవాబు చెప్పడం కష్టం. బసవపున్నయ్య ఆ రోజు ఫోను పెట్టేసి బయటికొచ్చి చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డాడు.

బండిని యూసుఫ్‌గూడలో ఇద్దరికి చూపించాడు. ఒకడు పానా పెట్టాల్సిన చోట పట్టకారు పెట్టి నట్టు మూలలు అరగదీశాడు. అలాంటి చేతుల్ని ఏమనాలో తెలుసు గానీ కాగితం మీద రాయకూడదు. ఇంకోడు ఇంజను మీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, "దీన్ని తుక్కులో వేసి మోపెడ్ కొనుక్కో బాబాయ్" అన్నాడు.

ఈ ఇంజన్ల సంగతి తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే. షేక్‌పేట బాలనర్సయ్య. అందరికంటే ముందు ఆయన దగ్గరికే పోవాల్సింది. కానీ ఇద్దరికీ మాటల్లేవు.

ఎప్పటి మాటో అది. షేక్‌పేట దారిలో ఒక సినిమాకి వాన సీను తీశారు. వానలో ఇంజను సైకిలు మీద ఒక మనిషి పోతుండాలి. బాలనర్సయ్యనే పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని, తను సొంతంగా బిగించిన బండి మీద వచ్చాడు. బసవపున్నయ్య గొట్టం తిప్పాడు. కుండపోత. సరిగ్గా కెమెరా ముందుకి వచ్చేసరికి ఇంజను ఆగిపోయింది. యూనిట్ వాళ్ళు నవ్వారు. షేక్‌పేట జనం లారీ కట్టుకుని సినిమాకి పోయి, తెర మీద బాలనర్సయ్య ఎక్కడా అని చివరిదాకా వెతికి, తిరిగొచ్చి వాళ్ళూ నవ్వారు. సినిమాలో కనబడనందుకు ఆయనకి బాధ లేదు. నలుగురిలో ఆయన ఇంజను ఆగిపోయిందన్నారు. ఆ మాట ఆయనకి అన్నంలో రాయిలా ఎప్పటికీ తగులుతూనే ఉంది.

గురువారం బసవపున్నయ్య సైకిలు తోసుకుంటూ షేక్‌పేట పాత ఊళ్ళోకి వెళ్ళాడు.

పెద్ద బండకి ఆనించి వేసిన రేకుల షెడ్డు బాలనర్సయ్యది. పానాలన్నీ గోడకి మేకుల మీద ఉంటాయి. ఒక్కో పానా వెనక దాని ఆకారం సున్నంతో గీసి ఉంటుంది. ఏది చోటు తప్పినా గోడే చెబుతుంది. ఆయన తలెత్తి చూశాడు. మనిషిని కాదు, సైకిలుని.

"ఓ శకుంతలా! ఎవల్దో బండి వచ్చింది. ఏమైందో అడుగు."

శకుంతలమ్మ ఆయన భార్య. చాటలో బియ్యం ఏరుతోంది. "నీ ముంగటనే నిలబడ్డడు గదయ్యా. నువ్వే అడుగు."

"నేను బండ్లతోని మాట్లాడుత. మనుషులతోని కాదు."

"ఏమైందన్నా?" అంది శకుంతలమ్మ బసవపున్నయ్యతో.

"ఫిలింనగర్ ఎత్తులో మలుపు దగ్గర ఆగిపోతోందమ్మా. కాసేపు ఊరుకుంటే మళ్ళీ అందుకుంటోంది."

"ఆగిపోతున్నదట."

"ఇన్న. నాకేం చెవుడు లేదు. ఆ మబ్బును జర అటు జరగమను. షెడ్డుల తడి అయితే కాయిల్ ఖరాబైతది. పొయ్యి కొత్తిమీర మడి కాడ నిలబడమను."

బసవపున్నయ్య వెళ్ళి కొత్తిమీర మడి మీద నిలబడ్డాడు.

"మెల్లగ కురవమనన్నా, మొలకలు పండుకుంటయ్" అంది శకుంతలమ్మ.

"సన్న జల్లేనమ్మా" అన్నాడాయన.

బాలనర్సయ్య గోనె పరిచి దాని మీద తెల్లగుడ్డ పరిచాడు. ప్లగ్గు విప్పి ఇంజను ఒంటికి ఆనించి చక్రం తిప్పాడు. నీలం నిప్పు టప్పుమని దూకింది. నిప్పు బాగుంది. అయితే తేడా తిండిలో ఉండాలి. కార్బొరేటరు విప్పి, సన్న బెజ్జాల్లోకి నోటితో ఊది, గుడ్డ మీద వరసగా పెట్టాడు. నట్టు మూలలు అరిగి ఉండటం చూసి, "ఓ శకుంతలా, ఈ బండిని ఎవడు ముట్టిండో ఆని చేతులిరగ" అన్నాడు. చివరికి ట్యాంకులో పెట్రోలు గ్లాసులోకి వంచి ఎండకెత్తి చూశాడు. అడుగున నీటి చుక్క ఉంటుందనుకున్నాడు. లేదు.

గింత వానల తిరిగే బండి. పెట్రోల్ల ఒక్క చుక్క నీళ్ళు లేకపోవుడేంది?

ఆ మాట ఆయన నోటి దాకా వచ్చింది. ఎదురుగా కొత్తిమీర మడిలో తడుస్తూ మనిషి నిలబడి ఉన్నాడు. అడిగితే చాలు. బాలనర్సయ్య ఆ మాట మింగేసి గ్లాసు కింద పెట్టాడు.

ట్యాంకు పక్కన పెట్టి, మేకుకి తగిలించిన సీసాలోంచి గొట్టం ఇచ్చి ఇంజను ఆడించాడు. ఆయన పద్ధతి అది. సీసా అయితే ఎంత తాగుతోందో కంటికి కనబడుతుంది. స్టాండు వేసిన సైకిలు, వెనక చక్రం గాల్లో తిరుగుతూ, శకుంతలమ్మ బియ్యం ఏరి, వండి, వార్చేదాకా ఆగకుండా ఆడింది.

"బండి మంచిగయ్యిందని చెప్పు. నడిపేటోడు కూడ మంచిగ ఉండాలె అని చెప్పు."

శుక్రవారం మలుపు దగ్గర బండి ఆగిపోయింది.

బసవపున్నయ్య మళ్ళీ షేక్‌పేట వచ్చాడు. బాలనర్సయ్య మొహం మాడిపోయింది. ఆయన చెయ్యి పడ్డ బండి తిరిగి రావడం షేక్‌పేటలో ఎవరూ ఎరగరు. ఇంజనుకీ కార్బొరేటరుకీ మధ్య ఉండే అట్ట మార్చాడు. సైలెన్సరు విప్పి మసి గీకాడు. చైను బిగువు చూశాడు. మళ్ళీ సీసా తగిలించి ఆడించాడు. మళ్ళీ మహారాజులా ఆడింది.

శనివారం మలుపు దగ్గర మళ్ళీ ఆగిపోయింది. ఆలస్యంగానే బంగళా చేరాడు. గేటు పక్కన కొత్త గొట్టాల చుట్టలు దింపి ఉన్నాయి.

ఆదివారం పొద్దున్న బసవపున్నయ్య మళ్ళీ బండి తోసుకొచ్చేసరికి శకుంతలమ్మకి ఓపిక పోయింది. చాట కింద పడేసి లేచింది.

"మీ ఇద్దరి నడుమ మాటలు మోసి మోసి నా నోరు నొస్తున్నది. ఆ అన్న రేపు పని పోతె తెనాలి పోవాల్నట. ఆ మబ్బును ఈడనే ఇడిసిపెట్టాల్నట. తెలుసా నీకు? సీసా పెట్టి షెడ్డుల కూసుంటె ఏం తెలుస్తది? ఎక్కు బండి. ఆ మలుపు కాడికి పొయ్యి చూడు."

"ఆయన బండి నేనెందుకు ఎక్కుత?"

"ఆయన బండి గాదయ్యా. నీ పని. తిరిగొచ్చిన పని."

ఆ మాట తగిలింది. బాలనర్సయ్య పంచె ఎగ్గట్టి బండెక్కాడు. బసవపున్నయ్య వెనక క్యారియరు మీద ఒక పక్కకి కూర్చున్నాడు. ఇద్దరు ముసలాళ్ళని మోస్తూ ఇంజను మూలుగుతూ ఎత్తెక్కింది. పైన మబ్బు ఇద్దరికీ సరిపోయేలా కొంచెం వెడల్పయింది. దారిలో ఆటోవాళ్ళు వైపర్లు వేసుకుని పక్క నుంచి పోయారు.

మలుపు వచ్చింది. లుక్కు, లుక్కు, లుక్కు. ఆగిపోయింది.

బిందెలతో ఆడవాళ్ళు దిగి వచ్చేశారు. "ఇవాళ ఇద్దరొచ్చారే. జల్లు పెద్దదే" అంది అమ్మాజీ.

బాలనర్సయ్య ఎవరినీ చూడలేదు. ప్లగ్గు తాకి చూశాడు. కార్బొరేటరు కింద వేలు పెట్టాడు. పొడిగా ఉంది. పెట్రోలు దిగడం లేదు. ట్యాంకు నిండా ఉంది, దిగడం లేదు. ఆయన చెయ్యి మెల్లగా ట్యాంకు మూత మీదికి పోయింది. మూత తిప్పాడు.

ఉఫ్‌ఫ్ అంది ట్యాంకు. ఎంతోసేపటి నుంచి ఊపిరి బిగబట్టిన మనిషి వదిలినట్టు.

మూత తిరగేసి చూశాడు. మధ్యలో ఉండాల్సిన సన్న బెజ్జం లేదు. దాని మీద కొవ్వొత్తి మైనం, వేలితో ఒత్తి నున్నగా చేసి ఉంది. పెట్రోలు దిగాలంటే పై నుంచి గాలి లోపలికి పోవాలి. గాలి పోయే దారి అదొక్కటే. షెడ్డులో సీసాకి మూత లేదు కనక ఇంజను ఆడింది. ఇక్కడ ట్యాంకుకి మూత ఉంది కనక ఆగింది.

"ఎవడు మూసిండు దీన్ని?"

శకుంతలమ్మ అక్కడ లేదు. ఆ మాట నేరుగా బసవపున్నయ్యకే తగిలింది.

"నేనేనండీ. పైన ఎప్పుడూ వాన కదా. ఒకసారి ట్యాంకులోకి నీళ్ళు దిగాయి. షూటింగుల్లో లైట్ల వైర్లకి నీళ్ళు పోకుండా మైనం పూసేవాళ్ళం. ఆ అలవాటుతో పూశాను."

"నాకు చెప్పద్దా?"

"మీరు అడగలేదు కదండీ."

"నేనడగకపోతె చెప్పవా? ఇంజను ఊపిరి ఆపి, మూడు దినాల సంది నా ఇజ్జత్ తీసి, అడగలేదంటవా?"

"మీరు మాట్లాడరు కదండీ. కొత్తిమీరలో నిలబెట్టారు."

ఆడవాళ్ళు నవ్వు ఆపుకుంటూ బిందెలు మార్చుకుంటున్నారు. బాలనర్సయ్య మెడ నరాలు ఉబ్బాయి.

"ఆనాడు గూడ గిట్లనే జేసినవ్. అందరి ముంగట నా ఇంజన్ల నీళ్ళు గొట్టినవ్."

"డైరెక్టరు కొట్టమంటే కొట్టానండీ. కొట్టాక నేనే ఆయన దగ్గరికి పోయాను. బండి మంచిదేనండీ, నీళ్ళు ఎక్కువయ్యాయి నా వల్ల, ఇంకోసారి తీద్దాం అని అడిగాను. వెలుగు పోయిందన్నారు."

"మల్ల నాకెందుకు చెప్పలే?"

"చెబుదామనే మర్నాడు మీ ఇంటికొచ్చాను. మీరు శకుంతలమ్మ గారిని కేకేసి, ఎవరో వచ్చారు, ఏం కావాలో అడుగు అన్నారు. నాకూ పౌరుషం ఉంటుంది కదండీ. తిరిగి వెళ్ళిపోయాను."

బాలనర్సయ్య మూతలోని మైనాన్ని గోటితో పూర్తిగా గీకేశాడు. చివరికి, "నేను నమ్మ" అన్నాడు. అని, జేబులోంచి సన్న రబ్బరు గొట్టం ముక్క తీశాడు. సైకిలు వాల్వుకి తొడిగే గొట్టం అది. దాన్ని మూత బెజ్జంలోకి దూర్చి, కొన కిందికి వంచి, దారంతో కట్టాడు. గాలి కింద నుంచి పోతుంది. వాన పై నుంచి రాలేదు.

"ఇది వంగినట్లనే ఉండాలె. నిలబెట్టకు" అన్నాడు, బసవపున్నయ్య వంకే చూసి.

"అయితే రేపట్నుంచి ఇక్కడ ఆగదా అండీ?" అంది అమ్మాజీ.

"నా చెయ్యి పడ్డంక ఆగుడేంది?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిండిన బిందెలు చంకనెత్తుకుని బండలెక్కి పోయారు.

సోమవారం ఇంజను తేనెటీగలా పాడింది. చెక్‌పోస్టు దాటింది. ఎత్తు ఎక్కింది. మలుపులో బిందెలు ఎప్పటి మాదిరే బారు తీరి ఉన్నాయి. ఆగుతుందో ఆగదో చూద్దామని పెట్టుకున్నారు. బసవపున్నయ్య బిందెల వైపు చూడలేదు. రోడ్డు వైపే చూశాడు. చేతి పిడి ఇంకొంచెం తిప్పాడు. బండి మలుపు దాటేసింది.

దాటాక నెత్తి మీద ఏదో వెచ్చగా తగిలింది. ఎండ. నెత్తి మీద ఎండ పడి ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తు లేదు. చొక్కా భుజాల దగ్గర ఆరడం మొదలుపెట్టింది.

బంగళా గేటు దగ్గర దిగేసరికి ఇంకా నీడగానే ఉంది.

"వేళకి వచ్చావే!" శ్యామలాదేవి గారు సంతోషంగా లేచింది. ఆయన వెనక్కి, పైకి చూసింది. "ఏదీ?"

"వస్తుందండీ. వెనకాల ఉంది."

గడ్డి మీద ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. ఆకాశం గిన్నె బోర్లించినట్టు ఖాళీగా ఉంది. ఎండ గోడ ఎక్కింది, గోడ దిగింది, గడ్డి మీదికి పాకి ఆయన పాదాల దాకా వచ్చింది. గొట్టాలు పెట్టేవాళ్ళు గడ్డపారలతో వచ్చి ఓ పక్క నిలబడ్డారు. ఆవిడ ఇంకాసేపు ఆగమంది వాళ్ళని. ఇంకాసేపు ఆగారు.

"పోనీలే బసవపున్నయ్యా" అంది చివరికి. "నీ తప్పేం లేదు. టీ తాగి వెళ్ళు."

టీ తాగాడు. గడ్డపార మొదటి పోటు గడ్డిలో దిగుతున్న చప్పుడు విన్నాడు. గ్లాసు కడిగి బోర్లించి బయటికొచ్చాడు. ఇక తెనాలి వెళ్ళడమే. మబ్బుని వదిలేసి రా అన్నాడు తమ్ముడు. వదలక్కర్లేకుండానే అయిపోయింది. అలవాటుగా పైకి చూడబోయి, చూడకుండానే సైకిలెక్కాడు.

బండికి ఇంజను వేయలేదు. దిగుడు కదా, దానంతటదే దొర్లుకుంటూ పోయింది. మలుపు రాకముందే అరుపులు వినబడ్డాయి.

మబ్బు మలుపులోనే ఉంది. చెప్పేవాళ్ళు లేక ఇష్టం వచ్చినట్టు కురుస్తోంది. విలన్ చచ్చేటప్పటి వాన. బిందెలు దొర్లిపోతున్నాయి. నిండిన డ్రమ్ము ఒరిగింది. ఆడవాళ్ళు జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. బసవపున్నయ్య సైకిలు దిగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, స్టూడియోలో పంపు మనిషిని కేకేసినట్టు కేకేశాడు.

"తగ్గించూ!"

వాన తగ్గింది.

"ఇంకా తగ్గించు. గాలి వద్దు. నిలువుగా పడనీ."

నిలువుగా పడింది.

"మూతి చిన్న బిందెలన్నీ ఇటు పెట్టండమ్మా. వాటికి దారంలా పోయిస్తాను. డ్రమ్ములు అటు. తోసుకోకండి, అందరికీ వస్తుంది."

"ఎక్కడికి పోయారండీ?" అమ్మాజీ తడిసిన కొంగు పిండుకుంటూ ఆయన మీదికి వచ్చింది. "దీన్ని మా నెత్తిన వదిలేసి పోతే ఎట్లా? మాకేం తెలుసు దీని సంగతి?"

"పనికి పోయానమ్మా."

"మరి పని?"

"అయిపోయింది."

అమ్మాజీ ఆయన్ని ఎగాదిగా చూసింది. లోపలికి పోయి ముక్కాలి పీట తెచ్చి బండ పక్కన వేసింది. "కూర్చుని చెప్పండి. నిలబడి అరిస్తే గొంతు పోతుంది."

సాయంత్రానికి బండకి ఆనించి నాలుగు రేకులు నిలబెట్టారు. ఎవరో సెట్టు తలుపొకటి మోసుకొచ్చారు. దాని మీద రాజ చిహ్నం సగం చెరిగి ఉంది. మూయడానికి గడియ లేదు గానీ తలుపు బాగుంది. బసవపున్నయ్య కృష్ణానగర్ పోయి ట్రంకు పెట్టె తెచ్చుకున్నాడు. అక్కడి వాళ్ళు, "మా బిందెల గతేంటి?" అని నిష్ఠూరమాడారు. నల్లా రాని రోజు కబురు పెట్టండి, వస్తాను అన్నాడు. బస్తీ వాళ్ళు పూటకొక ఇంటి నుంచి అన్నం పంపించారు. తమ్ముడికి ఫోను చేసి, "రావడం లేదురా రామకృష్ణా. మాకిక్కడ పని ఉంది" అన్నాడు. మాకు అన్నాడు.

ఆ వారంలోనే బాలనర్సయ్య ఎత్తెక్కి వచ్చాడు. చేతిలో తెల్ల ప్లాస్టిక్ క్యాను. షేక్‌పేటలోనూ బోర్లు ఎండిపోయాయి, శకుంతలమ్మ పంపించింది. మలుపు తిరగ్గానే ఆయన కళ్ళు మబ్బు మీద పడలేదు, బిందెల మీద పడలేదు. బండకి ఆనించి స్టాండు వేసి ఉన్న సైకిలు మీద పడ్డాయి. ఆయన మొహం నల్లబడింది. క్యాను కింద పెట్టి నేరుగా బసవపున్నయ్య పీట ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"ఆగిందా?"

"ఆగలేదండీ" అన్నాడు బసవపున్నయ్య. "నేనే ఆపాను."

బాలనర్సయ్య ఆ మాట అంత తేలిగ్గా నమ్మలేదు. సైకిలెక్కి తొక్కి క్లచ్చి వదిలాడు. మలుపు చుట్టూ ఒకటే పనిగా తిరిగాడు. ఇంజను ఎక్కడా దగ్గలేదు. దిగి, స్టాండు వేసి, మూత మీది రబ్బరు గొట్టం వంపు వేలితో సరిచేశాడు.

"అట్లయితె సరే" అన్నాడు.

పోయి క్యాను తీసుకుని వరసలో చివర నిలబడ్డాడు.